తుపానుకు పంట పోతే సర్కారు సాయం: రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి తుపాను తర్వాత ఊళ్లో అవే ప్రశ్నలు వస్తాయి. ఎకరానికి ఎంత ఇస్తారు? ఎప్పుడు ఇస్తారు? పక్కోడికి వచ్చింది, నాకెందుకు రాలేదు? ఎక్కువగా కోనసీమ, కృష్ణా డెల్టా వరి రైతుల్ని దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. తెలంగాణలో తేడా ఉన్నచోట అది కూడా చెప్పాను. మొత్తం చదివే తీరిక లేకపోతే ఈ-క్రాప్ (సర్కారు రికార్డులో పంట నమోదు), కౌలు గురించిన ప్రశ్నలు మాత్రం వదలకండి. డబ్బు ఆగేది ఎక్కువగా ఆ రెండు చోట్లే.

ఇన్‌పుట్ సబ్సిడీ అంటే పోయిన పంటకు పరిహారమేనా?

కాదు. పంట పోయినప్పుడు సర్కారు ఇచ్చే సాయం పేరే ఇన్‌పుట్ సబ్సిడీ. పోయిన పంట విలువ ఎంతో లెక్కగట్టి ఇచ్చే డబ్బు కాదిది. మళ్లీ విత్తనం, ఎరువు కొని సాగు మొదలుపెట్టడానికి చేసే సాయం. అందుకే ఎకరానికి నలభై బస్తాలు పండే చేను పోయినా, పాతిక బస్తాలు పండే చేను పోయినా రేటు ఒకటే. ఈ సంగతి ముందే తెలిస్తే తర్వాత వచ్చే అంకె చూసి గుండె గుభేలుమనదు.

ఎకరానికి ఎంత వస్తుంది?

దేశం మొత్తానికి వర్తించే కేంద్ర నిబంధనలు ఉన్నాయి. 2022-26 కాలానికి పెట్టిన రేట్ల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, కొబ్బరి, మామిడిలాంటి బహువార్షిక తోటలకు 22,500. హెక్టారంటే 2.47 ఎకరాలు. అంటే నీటి వసతి ఉన్న వరికి ఎకరానికి దాదాపు 6,900, వర్షాధార పంటకు 3,400, తోటకు 9,100. ఒక రైతుకు 2 హెక్టార్ల వరకే ఇస్తారు. పదెకరాలు మునిగినా లెక్కలోకి వచ్చేది ఐదెకరాలలోపే.

ఇది కనీస లెక్క. రాష్ట్రం తన ఖజానా నుంచి కలిపి ఎక్కువ ఇవ్వొచ్చు. 2024 సెప్టెంబరు వరదలప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి ఎకరానికి 10,000 ప్రకటించింది. 2023 మార్చిలో వడగళ్ల వానలకు తెలంగాణ ప్రభుత్వమూ ఎకరానికి 10,000 ప్రకటించింది. కాబట్టి 'ఎంత' అన్నదానికి ప్రతిసారీ ఒకే జవాబు ఉండదు. ఆ తుపానుకు విడుదలైన జీవోలో ఏముందో అదే ఖాయం. టీవీలో మంత్రిగారు చెప్పిన అంకె జీవో వచ్చేదాకా మాట మాత్రమే.

కొబ్బరి రైతుల గురించి ఒక మాట. వరి పోతే ఆరు నెలల్లో మళ్లీ పంట చూడొచ్చు. చెట్టు కూలితే మొక్క నాటి, అది కాపుకొచ్చేదాకా ఐదారేళ్లు ఆగాలి. 1996 నవంబరు తుపానుకు కోనసీమ తోటలు నేలమట్టమైనప్పుడు చూసినవాళ్లకు ఆ ఎదురుచూపు ఎలాంటిదో తెలుసు. హెక్టారుకు 22,500 దానికి ఏమూలకీ చాలదు.

33 శాతం నష్టం అని ఎవరు తేలుస్తారు? మీటరు ఏమైనా ఉంటుందా?

పంటలో కనీసం 33 శాతం పోతేనే ఈ సాయం ఇస్తారు. మీటరేమీ ఉండదు. పొలానికి వచ్చిన బృందం కళ్లతో చూసి అంచనా వేస్తుంది. 2015 వరకు సగం పంట పోతేనే సాయం ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని 33 శాతానికి తగ్గించింది. మంచి మార్పే. కానీ చిక్కు గీత దగ్గరే వస్తుంది. 32 శాతం అని రాస్తే సున్నా, 33 అని రాస్తే పూర్తి రేటు. మధ్యలో ఇంకేమీ లేదు.

వరిలో అంచనా తప్పడానికి ఒక పెద్ద కారణం సమయం. పాలు పోసుకునే దశలో చేను మూడు నాలుగు రోజులు నీళ్లలో ఉంటే నీరు తీసిన రోజున పచ్చగానే కనిపిస్తుంది. తాలు ఎంతో వారం పది రోజుల తర్వాత బయటపడుతుంది. బృందం తొందరగా వచ్చి 'పర్వాలేదు' అని రాసుకుని పోతే, తర్వాత కంకి నలిపి చూపించి మళ్లీ చూడమని అడిగే హక్కు మీకుంది. అడగండి. తుది జాబితా వెలువడకముందే అడగండి.

నమోదు ఎలా జరుగుతుంది? మేం దరఖాస్తు పెట్టుకోవాలా?

మామూలుగా దరఖాస్తు అక్కర్లేదు, వాళ్లే రావాలి. క్రమం ఇలా ఉంటుంది. తుపాను వెలిసిన ఒకటి రెండు రోజుల్లో 'ప్రాథమిక అంచనా' అంటూ జిల్లాకు ఇన్ని వేల హెక్టార్లని పేపర్లలో వస్తుంది. అది ఆఫీసులో కూర్చుని వేసిన లెక్క, అందులో మీ పేరుండదు. నీరు తీసిన తర్వాత జరిగే ఎన్యూమరేషనే అసలైనది. గ్రామ వ్యవసాయ సహాయకుడు, రెవెన్యూ వాళ్లు, తోటలైతే ఉద్యాన సహాయకుడు కలిసి సర్వే నంబర్ల వారీగా రాస్తారు. ఆ జాబితాను రైతు సేవా కేంద్రంలోనో సచివాలయంలోనో అంటించి అభ్యంతరాలు అడుగుతారు. దాన్నే సామాజిక తనిఖీ అంటారు. తర్వాత మండల వ్యవసాయాధికారి, జిల్లా స్థాయి, కలెక్టరు సంతకం, ప్రభుత్వానికి నివేదిక, జీవో, చివరికి ఖాతాలో జమ.

ఇందులో రైతు చేతిలో ఉన్న అడుగులు రెండే: బృందం వచ్చిన రోజు పొలంలో ఉండటం, జాబితా అంటించిన రోజు వెళ్లి చూడటం. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఆ కాగితం మూడు నాలుగు రోజులే గోడమీద ఉంటుంది. ఆ రోజుల్లో ఊళ్లో లేకపోతే కొడుకునో పక్కింటి కుర్రాడినో పంపి ఫోనులో ఫొటో తీయించండి. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, ఖాతా చివరి అంకెలు అన్నీ సరిచూడండి. ఎకరా పాతిక సెంట్లు ఎకరాగా పడిందా లేదా అన్నది కూడా.

మీ వైపు నుంచి ఫొటోలు తీసి పెట్టుకోవడం మంచిది. నీళ్లలో ఉన్నప్పుడు ఒకటి, నీరు తీశాక ఒకటి, గట్టుమీద గుర్తుపట్టే చెట్టో మోటారు షెడ్డో కనపడేలా. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి తీస్తే తేదీ, చోటు రెండూ అందులోనే ఉంటాయి.

ఈ-క్రాప్‌లో నా పంట లేదంటున్నారు. ఇప్పుడేం చేయాలి?

ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికీ మూలం ఇదే. సీజన్ మొదట్లో ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో పొలం ఫొటోతో సహా ఎక్కించి, రైతుతో వేలిముద్ర వేయిస్తారు. తర్వాత నష్టం నమోదు, బీమా, ధాన్యం కొనుగోలు మూడూ ఆ రికార్డునే చూస్తాయి. పొలం నిండా పంట ఉన్నా రికార్డులో ఖాళీగా ఉంటే సర్కారు లెక్కలో అక్కడ పంటే లేదు.

తుపాను వచ్చాక దీన్ని సరిచేయడం కష్టం. గడువు ముగియకపోతే వెంటనే ఎక్కించుకోండి. ముగిస్తే వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటుంది: పంట నమోదైంది కానీ రైతు వేలిముద్ర పడలేదు. ఫోనుకు మెసేజ్ వచ్చిందని ఊరుకోకుండా, ఈ-కేవైసీ (వేలిముద్రతో ధ్రువీకరణ) అయిందో లేదో నాట్లు పూర్తయిన నెలలోనే సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి. తుపాను ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు. అది వచ్చే సీజన్ మాత్రం అందరికీ తెలుసు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. హుద్‌హుద్ 2014 అక్టోబరు, మిచౌంగ్ 2023 డిసెంబరు, మొంథా 2025 అక్టోబరు. సార్వా (ఖరీఫ్ వరి) కోతకొచ్చే వేళకే అన్నీనూ.

నేను కౌలుకు చేస్తున్నాను. డబ్బు నాకొస్తుందా, భూమి గలాయనకా?

న్యాయంగా మీకు. నిబంధన ప్రకారమూ మీకే, ఎందుకంటే ఈ సాయం సాగు చేసినవాళ్లది. కానీ జరుగుతున్నది చాలాచోట్ల వేరు.

డెల్టాలో భూమి దున్నేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లే. మక్తా, అంటే కౌలు, ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకుంటారు, కాగితం ఉండదు. చేను మునిగితే పెట్టుబడి పోయేది కౌలుదారుది, బస్తాలు కొలవాల్సిందీ ఆయనే. పాస్‌బుక్, బ్యాంకు ఖాతా, రికార్డు మాత్రం యజమాని పేరున ఉంటాయి. దాంతో సాయం యజమాని ఖాతాలో పడుతుంది. కొందరు పెద్దమనసుతో ఇచ్చేస్తారు. కొందరు 'మక్తా తగ్గించాలే' అంటారు. కొందరు అసలు మాటెత్తరు.

దీన్ని సరిచేయడానికి 2011లో ఒక చట్టం తెచ్చి కౌలుదార్లకు గుర్తింపు కార్డులు ఇచ్చారు. తర్వాత 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని కింద 11 నెలల ఒప్పందం రాసుకుంటే సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. భూమి హక్కుకు దీనితో సంబంధం లేదు, పంటమీద హక్కు మాత్రమే. అయినా యజమానులు సంతకం పెట్టరు. రేపు భూమి నాదంటాడేమో అన్న భయం ఒకటి, బ్యాంకులో ఆ భూమిమీద పంట రుణం తానే తీసుకుని ఉండటం ఇంకొకటి. ఈ పత్రానికి యజమాని సంతకం తప్పనిసరి చేయడమే ఈ ఏర్పాటులో అసలు లోపమని నా అభిప్రాయం. ఎవరి ఇష్టం మీద కౌలు దొరుకుతుందో వాళ్లనే సంతకం అడుక్కోవాలంటే ఎంతమంది అడగగలరు?

ఇప్పటికి చేయగలిగింది ఇది. ఒప్పందం మాట్లాడేటప్పుడే, అంటే మే, జూన్‌లలో, సంతకం సంగతి కూడా మాట్లాడండి. తుపాను తర్వాత అడిగితే కుదరదు. సంతకం దొరక్కపోయినా ఈ-క్రాప్‌లో సాగుదారుగా మీ పేరు ఎక్కించమని సహాయకుణ్ణి, వీఆర్వోను కలిసి అడగండి. ఎన్యూమరేషన్ రోజు పొలంలో మీరే ఉండి, సాగు చేసింది మీరేనని నలుగురి ముందు చెప్పించండి. జాబితా అంటించినప్పుడు యజమాని పేరుంటే అభ్యంతరం రాసివ్వండి. డబ్బు జమయ్యాక వసూలు చేసుకోవడంకంటే ముందు పేరు మార్పించడం తేలిక.

యజమాని గారు అమెరికాలో ఉంటారు. ఆయన సంతకం ఎలా?

ఇప్పుడు గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఇది మామూలైపోయింది. భూమి ఇక్కడ, యజమాని డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో. తల్లిదండ్రులకు గానీ దగ్గరి బంధువుకు గానీ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి ఉంటే వాళ్లతో సంతకం పెట్టించవచ్చు. ఇది చదువుతున్న ప్రవాసులకు ఒక మనవి: సాగుదారు హక్కు పత్రంతో మీ భూమికి వచ్చే నష్టం లేదు. పంట పోయిన ఏడాది మీ ఖాతాలో పడే కొన్ని వేలు మీకు పెద్ద లెక్క కాదు, మీ కౌలు రైతుకు మాత్రం దాళ్వా (రబీ వరి) నారు పోసుకునే పెట్టుబడి.

కోసి పనలమీద ఉన్న వరి తడిసింది. కల్లంలో రాశి కూడా తడిసింది. రెండింటికీ వస్తుందా?

పొలంలో పనలమీద ఉన్నదాన్ని నష్టం కింద రాయమని అడగొచ్చు. కల్లంలో రాశి పోసిన ధాన్యం సాధారణంగా ఇన్‌పుట్ సబ్సిడీ కిందకు రాదు. దానికి దారి కొనుగోలు నిబంధనల సడలింపు. మామూలుగా తేమ 17 శాతం దాటితే కొనరు. మొలకెత్తిన, రంగుమారిన గింజలకూ పరిమితి ఉంది. పెద్ద విపత్తు తర్వాత రాష్ట్రం అడిగితే కేంద్రం ఈ పరిమితులు కొంత సడలిస్తుంది. ఆ ఉత్తర్వు వచ్చేలోపే టెన్షన్‌తో దళారికి తెగనమ్ముకునేవాళ్లే ఎక్కువ. ఆరబెట్టుకునే చోటు, పరదాలు ఉంటే నాలుగు రోజులు ఆగి చూడండి.

పొలంలో ఇసుక మేట వేసింది.

దీనికి పంట సాయం కాకుండా వేరే పద్దు ఉంది. మూడు అంగుళాలకు మించి మేట వేస్తే సన్న, చిన్నకారు రైతులకు తొలగింపు ఖర్చు కింద హెక్టారుకు 18,000. ఏటి కోతకు భూమే పోతే హెక్టారుకు 47,000. ఏటిగట్టు పక్క లంక రైతులు దీన్ని విడిగా అడగాలి. అడక్కపోతే పంట నష్టం ఒక్కటే రాసుకుపోతారు.

పంటల బీమా, ఇది ఒకటేనా? రెండూ తీసుకోవచ్చా?

వేరువేరు. ఒకటి వచ్చిందని రెండోది ఆపరు. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో రైతు వాటా ప్రీమియం ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5. వరిలాంటి పంటలకు మీ చేను ఒక్కదాన్ని చూసి ఇవ్వరు. ఊరు యూనిట్‌గా పంటకోత ప్రయోగాలు చేసి, సగటు దిగుబడి ఒక స్థాయికన్నా తగ్గితే ఊరందరికీ ఇస్తారు. మీదొక్కటే మునిగి ఊరు పండితే వరికి దారి లేకుండా పోయింది. 2018లో మార్చిన నిబంధనల్లో విడి పొలం ముంపు నష్టం నుంచి వరిని తీసేశారు. వరి నీళ్లలో పెరిగే పంట కదా అన్నది వాదన. డెల్టాలో మెడలోతు నీళ్లలో నాలుగు రోజులున్న చేను చూసినవాళ్లెవరూ ఆ వాదన చేయరు. 2026 ఖరీఫ్ నుంచి వరి ముంపును మళ్లీ చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఇలాంటి విడి నష్టాలకు, కోసి పొలంలో ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తడిసిన నష్టానికి 72 గంటల్లో చెప్పాలి. ఫోను నంబరు 14447.

ఆంధ్రప్రదేశ్ 2020లో ఈ పథకం వదిలి 2022లో తిరిగి చేరింది. కొన్నేళ్లు ప్రీమియం అంతా ప్రభుత్వమే కట్టింది. 2024-25 రబీ నుంచి రైతు వాటా మళ్లీ మొదలైంది. 'ఉచితం కదా' అని ఊరుకుని బీమా లేకుండా మిగిలినవాళ్లున్నారు, చూసుకోండి. తెలంగాణ 2020లో బయటికి వచ్చింది.

కరవుకు కూడా ఇంతేనా?

రేట్లు అవే, దారి వేరు. తుపానుకు పొలం చూస్తారు, కరవుకు ముందు మండలాన్ని కరవు మండలంగా ప్రకటించాలి. వర్షపాతం, వానకూ వానకూ మధ్య ఎడం, సాగు విస్తీర్ణం, నేలలో తేమ, ఉపగ్రహ చిత్రాలు చూసి తేలుస్తారు. 2016 కేంద్ర మాన్యువల్ ప్రకారం ఖరీఫ్ కరవును అక్టోబరు 30లోగా ప్రకటించాలి. 2023లో ఆంధ్రప్రదేశ్ 103 మండలాలను ప్రకటించింది. మండలం పేరు లేకపోతే అందులో ఎండిన ఒక్క చేనుకూ దారి లేదు.

బ్యాంకు అప్పు వాయిదా వేస్తారా?

మాఫీ వేరు, రీషెడ్యూల్ వేరు. రిజర్వ్ బ్యాంకు 2018లో ఇచ్చిన ఆదేశాల్లో నష్టం 33 నుంచి 50 శాతం మధ్య ఉంటే రెండేళ్లు, 50 శాతం దాటితే ఐదేళ్ల వరకు గడువు పెంచవచ్చని ఉంది. మీ ప్రాంతాన్ని విపత్తు ప్రాంతంగా ప్రకటించి ఉండాలి, మీరు బ్యాంకుకు వెళ్లి అడగాలి. వడ్డీ ఎలా పడుతుందో సంతకం పెట్టేముందు తెలుసుకోండి.

జాబితాలో పేరుంది, ఖాతాలో డబ్బు పడలేదు.

ముందు ఆధార్ ఏ ఖాతాకు అనుసంధానమై ఉందో చూడండి. మీరు ఇచ్చిన ఖాతాలో కాకుండా ఆధార్‌కు చివరిసారి జతచేసిన ఖాతాలో పడుతుంది. గ్యాస్ సబ్సిడీ కోసమో పింఛను కోసమో ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో దొరికిన సందర్భాలు చాలా ఉన్నాయి. రైతు చనిపోయి ఉంటే వారసులు కాగితాలు ఇవ్వాలి.

తెలంగాణలో ఎవరిని కలవాలి?

క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని, అంటే ఏఈఓను, రైతు వేదికలో. పంట వివరాలు రాసేది ఆయనే. 2023 వడగళ్ల సాయం కౌలు రైతులకూ అందేలా చూడాలని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ చెప్పారు. కానీ కౌలుదారుకు రాత ఆధారం లేనిచోట ఆ మాట ఏఈఓ విచారణమీద, యజమాని ఒప్పుకోలుమీద ఆధారపడుతుంది.

అమెరికాలో రైతులకు బాగా ఇస్తారంటారు, నిజమేనా?

మొత్తాలు పెద్దవే. అక్కడ మన జిల్లాలాంటి కౌంటీలో వ్యవసాయ శాఖ ఆఫీసు ఉంటుంది. స్థానిక రైతులే ఎన్నుకున్న కౌంటీ కమిటీ దాని నిర్ణయాల్లో పాల్గొంటుంది. బీమా దొరకని పంటలకు రైతు ముందే రుసుము కట్టి ఒక పథకంలో చేరతాడు, నష్టం కనపడ్డ 15 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. ఆలస్యం మాత్రం అక్కడా ఉంది. 2023, 2024 విపత్తుల నష్టాలకు దాదాపు 2,100 కోట్ల డాలర్లు మంజూరు చేస్తూ చట్టం వచ్చింది 2024 డిసెంబరులో. ఆ డబ్బులో పంట నష్టాల పథకానికి దరఖాస్తులు మొదలైంది 2025 జులైలో.

మనం నేర్చుకోదగింది ఒకటుంది. ఏ కౌంటీలో ఎవరికి ఎంత వెళ్లిందో ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ ప్రభుత్వ రికార్డులు తీసుకుని ఏళ్ల తరబడి బయటపెడుతోంది. పెద్ద రైతులకే ఎక్కువ వెళ్తోందన్న చర్చ దానివల్లే లెక్కలతో సాగుతోంది. మన దగ్గర జాబితా గోడమీద నాలుగు రోజులు ఉండి చిరిగిపోతుంది.

ఆ జాబితా తర్వాత చూడాలంటే?

సమాచార హక్కు చట్టం కింద అడగండి. 'ఫలానా తుపానుకు మా గ్రామంలో ఇన్‌పుట్ సబ్సిడీ పొందిన వారి జాబితా, సర్వే నంబరు, విస్తీర్ణం, మొత్తంతో సహా' అని ఒకే వాక్యం చాలు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు కట్టక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పేరు తప్పిపోయిందనే ఫిర్యాదైతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఇవ్వండి, తెలంగాణలో అదే ప్రజావాణి. ఈ-క్రాప్ రసీదు, ఫొటోలు, జాబితా ఫొటో జతచేసి, అర్జీ నంబరు తీసుకునే బయటికి రండి.